ఏకగ్రీవంగా పదకొండున్నర

గంధవరపేటలో తెల్లవారిందని చెప్పేది కోడి కాదు, కుళాయి. ఆరింటికి ముందొక దగ్గు దగ్గేది, తరవాత ఈల వేసేది, ఆపైన ఎర్రగా నాలుగు చుక్కలు రాల్చి అప్పుడు దారికొచ్చి నీళ్ళు వదిలేది. ఆ ఈల వినపడితే చాలు, వీధి వీధంతా బిందెల చప్పుడు. ఏడయ్యేసరికి గంగాళాలు నిండేవి, ఎనిమిదికి పొయ్యిలు వెలిగేవి, పది దాటాక ఆఫీసుకి పోయేవాళ్ళు ఆఫీసుకీ, బడికి పోయేవాళ్ళు బడికీ పోయేవారు. పదకొండు నుంచి ఒంటిగంట దాకా ఇల్లు ఇల్లాలిది.

ఆ వేళలో హైమావతి మృదంగం నేర్చుకునేది.

పెళ్ళికి ముందు నేర్చుకుంటానంటే ఆడపిల్లకి మద్దెలేమిటన్నారు. పెళ్ళయ్యాక అడిగితే ఇల్లాలికి మద్దెలేమిటన్నారు. నలభై ఐదో ఏట ఆవిడ ఎవరినీ అడక్కుండా వెళ్ళి చేరిపోయింది. "మా వాణ్ణి వాయించేది చాలక ఇదొకటా?" అని అత్తగారు వెంకాయమ్మ ఒక్కసారే అంది. ఆ ఒక్కసారీ రోజూ అంది. భర్త జోగారావు ఏమీ అనలేదు గానీ, మృదంగం మీద తడి తువ్వాలు ఆరేసేవాడు.

మాస్టారు అప్పలాచారి గారికి పొద్దున్న బడి, సాయంత్రం గుడి. ఖాళీ ఉండేది ఆ పదకొండుకే. ఆయన ఆ ఏడు సంక్షిప్తంగా చెప్పేశారు. "ఈసారి సర్కారు సంగీత పరీక్షకి కూర్చుంటే కూర్చున్నట్టమ్మా. తరవాత నేను రిటైరై మా ఊరు పోతున్నాను. ఆపైన నీకు మృదంగం నేర్పేవాడు ఈ ఊళ్ళో లేడు. ఉన్నా ఆడదానికి నేర్పడు."

సరిగ్గా ఆ ఏడే పురపాలక సంఘ నీటి సరఫరా ఇంజనీరు పరాంకుశం గారు రాజధానికి వెళ్ళి రెండు రోజుల శిక్షణ పొంది వచ్చారు. పైపుల గురించి అయితే ఊరికి ఇబ్బంది లేకపోను. ఆయన పొందిన శిక్షణ, పాఠకుల మనసు దోచే ఈమెయిల్ వార్తాలేఖ తయారుచేయడం గురించి. వచ్చిన మర్నాడే సిబ్బందిని సమావేశపరిచారు.

"ఇన్నాళ్ళూ మనం ప్రజలకి నీళ్ళు మాత్రమే ఇచ్చాం," అన్నారు. "వారితో ఒక బంధం ఏర్పరచుకోలేదు. నేటి నుంచి వారు వినియోగదారులు కారు. పాఠక మహాశయులు. మన పత్రిక పేరు జలవాణి."

"మరి బజారు వీధిలో పైపు పగిలిందండి," అన్నాడు వాల్వులు తిప్పే ఆసామి.

"రెండో సంచికలో వేద్దాం," అన్నారు పరాంకుశం గారు.

ఊళ్ళో ఉన్న కుళాయి కనెక్షన్లు పదకొండు వేలు. ఒకప్పుడు వాటినన్నిటినీ కంప్యూటర్లోకి ఎక్కించినప్పుడు ఈమెయిల్ గడి నింపకపోతే దరఖాస్తు ముందుకి కదలదన్నారు గనక, ప్రతి కనెక్షనుకీ ఒక ఈమెయిల్ ఉంది. ఊరందరికీ ఈమెయిల్ ఉందన్న సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియదు, అంతే.

మొదటి సంచిక 'గంధవరపేట పురపాలక సంఘ నీటి సరఫరా విభాగపు ద్వైవార వార్తాలేఖ' అన్న శీర్షికతో బయలుదేరింది. తెరిచినవారు లేరు. శీర్షికలో కుతూహలం ఉండాలని శిక్షణలో చెప్పారు కదా, రెండోది 'మీ కుళాయి మీకు చెప్పని ఏడు నిజాలు' అని వెళ్ళింది. లేరు. మూడోది 'మొన్న రాత్రి ట్యాంకులో ఏం జరిగిందో తెలిస్తే నిద్రపోరు'. అదీ ఎవరూ తెరవలేదు గానీ, ముసాయిదా ఇంట్లో చదివి వినిపించిన పాపానికి పరాంకుశం గారి భార్య ఆనాటి నుంచి మంచినీళ్ళు సీసాల్లో కొనుక్కుని తాగుతోంది.

నాలుగోది ఆయన స్వయంగా, పట్టుదల మీద రాశారు. 'ఇది తెరవని వారి కుళాయి కత్తిరించబడును.'

ఆ మర్నాడు జోగారావు ఇడ్లీ తింటూ పేపరు చదివాడు. "మన జలవాణిని వందకి వందమందీ తెరిచారట. రాష్ట్రంలోనే రికార్డట!"

"మనం తెరిచామా?" అంది హైమావతి.

"తెరిచే ఉంటాం. వందకి వందంటే మనం లేకుండా ఎలా?"

కాదనడానికి లెక్కల్లో ఆధారం లేదు. ఆవిడ ఇంకో ఇడ్లీ వేసింది.

పాఠకుడు మనల్ని తెరిచాక, అతని మాట మనం వినాలి. అదీ శిక్షణలోదే. ఐదో సంచికలో జలవాణి అడిగింది: 'నీళ్ళు మీకు ఏ వేళకి కావాలి?' జవాబులు సాయంత్రానికల్లా వచ్చాయి. అన్నీ ఒకటే. ఆపై సోమవారం గంధవరపేటలో ఆరింటికి కుళాయి దగ్గలేదు. ఏడింటికీ దగ్గలేదు. ఆడవాళ్ళు బిందెలు వరసగా పెట్టుకుని వాటి నోళ్ళలోకి చూస్తూ కూర్చున్నారు. పదకొండున్నరకి దగ్గింది.

పన్నెండింటికి వంట, ఒంటిగంటకి బట్టలు, మూడింటికి అంట్లు. మాస్టారి గుమ్మం హైమావతి మళ్ళీ తొక్కింది లేదు. మృదంగం గోడవార కూర్చుంది. దాని మీద తువ్వాలుకి తోడు లుంగీ కూడా చేరింది.

వారం చూసి ఆవిడ నీటి ఆఫీసుకి వెళ్ళింది. రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకుంటుందని విన్నాం. ఇక్కడ మద్దెలే వెళ్ళింది.

పరాంకుశం గారు లేచి నిలబడి నమస్కారం పెట్టారు. "రండి, పాఠక మహాశయురాలా!"

"నీళ్ళు మళ్ళీ ఆరింటికి వదలండి బాబూ. పదకొండున్నరేమిటి, ఎవరడిగారు?"

"మీరే," అన్నారాయన చాలా మృదువుగా. "కనెక్షను ఎవరి పేరున ఉంది?"

"మా అత్తగారు, గుడివాడ వెంకాయమ్మ గారి పేరున."

ఆయన తెర ఆవిడ వైపు తిప్పారు. "ఇదిగో చూసుకోండి. వెంకాయమ్మ గారు. కోరిన వేళ పదకొండున్నర. ఆసక్తులు: కబడ్డీ. వచ్చే సంచికలో ఏం కావాలి అన్నదానికి రాసినది: 'మంచి పెళ్ళి సంబంధాలు వేయగలరు.'"

హైమావతి కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివింది. "మా అత్తగారికి డెబ్బై ఎనిమిదండీ."

"ప్రేమకి వయసేమిటమ్మా? వారొక్కరే కాదు. ఊళ్ళో పదకొండు వేల మందీ అదే కోరారు. పాఠకుల నాడి పట్టుకోవడమంటే అదీ. వచ్చే సంచిక నుంచి నీటి సరఫరా విభాగం తరఫున వధూవరుల పేజీ పెడుతున్నాం. క్లోరిన్ వివరాలు తీసేసి ఆ చోటు దానికిచ్చాం."

"అయ్యా, నేనే నోటితో చెబుతున్నాను కదా. నాకు ఆరింటికి కావాలి."

"నోటిమాట ఎలా తీసుకుంటామమ్మా? జలవాణి అడుగున బొత్తం ఉంటుంది, అది నొక్కి చెప్పండి. అయినా," ఆయన ముందుకి వంగారు, "మీ ఇంటివారి అభిప్రాయాన్ని మీరే వ్యతిరేకించడం కుటుంబానికి అంత మంచిది కాదు."

ఇంటికొచ్చాక, "ఏమన్నాడే?" అంది వెంకాయమ్మ.

హైమావతి అత్తగారిని కాసేపు కొత్తగా చూసింది. "మీ ఇష్టం ప్రకారమే జరుగుతోందన్నాడు."

"బుద్ధిమంతుడు," అంది వెంకాయమ్మ.

పరీక్ష దరఖాస్తుకి ఆఖరి రోజు వచ్చింది. నీళ్ళు వేళకి రాకపోయినా, సాధన లేకపోయినా, దరఖాస్తన్నా పెట్టి చూద్దామని హైమావతి సాయంత్రం విశ్వశాంతి జిరాక్స్ అండ్ నెట్ సెంటరుకి వెళ్ళింది. దాని యజమాని నూకరాజు. ముప్పై ఏళ్ళ ఆసామి. కొట్టు వెనక గదిలోనే కాపురం, ఇంకా ఒక్కడే కాపురం. ఊళ్ళో రేషన్ కార్డు దగ్గర్నుంచి కరెంటు మీటరు దాకా ఎవరేం దరఖాస్తు పెట్టినా అతని వేళ్ళ మీదుగా పోవలసిందే.

"రండి హైమమ్మగారూ! పేరు వేశానండి, పుట్టిన తేదీ వేశానండి. అమ్మో, మీరు అంత పెద్దవారంటే నమ్మలేకపోతున్నానండి."

"పని చూడు నాయనా."

అతను ఈమెయిల్ గడి దగ్గర, ఆవిణ్ణి అడగకుండా, తెర వైపు కూడా చూడకుండా చకచకా ఏదో కొట్టాడు.

"అదేమిటి? ఆ ఈమెయిల్ ఎవరిది?"

"నాదేనండి. మీకు లేదు కదండి."

"మరి నీది పెడితే?"

"అందరికీ నాదే పెడతానండి. జనానికి ఈమెయిల్ ఎక్కడిదండి? గడి ఖాళీగా ఉంటే కంప్యూటర్ ఒప్పుకోదండి. ఊరికే పోతోంది కదా అని ఇస్తూంటానండి."

హైమావతి పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చుంది. "నూకరాజూ, కుళాయి కనెక్షన్లు కంప్యూటర్లో ఎక్కించింది ఎవరు?"

"ఆయ్, నేనేనండి."

"అన్నీ?"

"అన్నీనండి. పుణ్యముంటుందని." అతని మొహం ఉన్నట్టుండి దిగులుగా మారింది. "అప్పటినుంచి నా బతుకు చూడండి. జలవాణంట, ఏమిటో! ఒక్కోసారి పదకొండు వేలు వచ్చి పడతాయండి. మొదట్లో పట్టించుకోలేదు. తెరవకపోతే కుళాయి కత్తిరిస్తామన్నాడండి. ఆ గుట్టలో నా కుళాయిది ఏదో నాకెలా తెలుస్తుందండి? అందుకని అన్నీ ఒక్క దెబ్బకి తెరిచే కిటుకొకటి పెట్టానండి. ఒకదానికి జవాబిస్తే అన్నిటికీ అదే వెళ్ళిపోతుందండి."

"నీళ్ళు ఏ వేళకి కావాలని అడిగితే?"

"పదకొండున్నరకన్నానండి. నేను లేచేది పదింటికి కదండి. మొహం కడుక్కుని టిఫిన్ చేసేసరికి పదకొండున్నర." అతను నిజాయితీగా ఆవిడ మొహంలోకి చూశాడు. "నన్నడిగాడు, నాకేం కావాలో చెప్పాను. తప్పాండి?"

హైమావతికి కోపం రావలసిన మాటే. ఆలోచించి చూస్తే, ఆ ఊళ్ళో ప్రభుత్వం అడిగిన ప్రశ్నకి నిజం చెప్పిన మనిషి అతనొక్కడే.

"కబడ్డీ నీకిష్టమా?"

"ప్రాణమండి."

"సంబంధాలేమన్నా కుదిరాయా?"

నూకరాజు సిగ్గుపడ్డాడు. "లేదండి. వాళ్ళు వేసిన పేజీలో అమ్మాయిలందరికీ ఈమెయిల్ నాదే ఉందండి."

ఆవిడ విషయమంతా చెప్పింది: పరీక్ష, మాస్టారు, పదకొండు గంటలు, గోడవార మృదంగం. నూకరాజు బాధపడ్డాడు. కానీ ఆరింటికి నీళ్ళంటే మాత్రం తల అడ్డంగా ఊపాడు. "ఆరింటికి నేనెలా లేస్తానండి? నాకు నీళ్ళు పట్టిపెట్టే వాళ్ళెవరున్నారు?"

"ఎందుకు లేవడం? రాత్రి కుళాయి విప్పి, దానికో గొట్టం తగిలించి, ఆ కొస తొట్టిలో పడేసి పడుకో. నువ్వు లేచేసరికి నిండి ఉంటుంది."

నూకరాజు నోరు తెరిచాడు. "ఈ ఉపాయం నాకు తోచనే లేదండి!"

పదకొండు వేల సంసారాలు పదకొండున్నర దాకా దాహంతో కూర్చున్నది ఒక మూరెడు రబ్బరు గొట్టం లేకన్న మాట.

"అయితే రేపు సంచిక రాగానే ఆరని చెప్పేస్తాను, మీరు నిశ్చింతగా ఉండండి," అన్నాడు నూకరాజు.

రేపు సంచిక రాలేదు. పాఠకాదరణ చూసి ఉప్పొంగిన పరాంకుశం గారు అప్పటికి జలవాణిని దినపత్రిక చేసి, ప్రతి పేజీలోనూ తమ రంగుల ఫోటో వేయించారు. పదకొండు వేల ఫోటోలు, రోజూ. నూకరాజు మెయిల్ పెట్టె ఆ భారానికి కంఠం దాకా నిండి, ఇక చాలంది. పంపిన సంచికలన్నీ గోడకి కొట్టిన బంతిలా వెనక్కి వెళ్ళాయి.

స్పందించని పేర్లు జాబితాలో ఉంచకూడదు, ఎప్పటికప్పుడు ఏరి పారేయాలి. ఇదీ శిక్షణలోదే, రెండో రోజు మధ్యాహ్నం చెప్పారట. ఏరి చూస్తే జాబితాలో ఒక్కరూ మిగల్లేదు. పాఠకులు లేని ఊరికి నీళ్ళెందుకని వాల్వు కట్టేశారు.

ఆరింటికి రాలేదు. పదకొండున్నరకీ రాలేదు. రెండో రోజూ రాలేదు. పరీక్ష ఇంకో నాలుగు రోజులుంది. మాస్టారు కబురు పంపారు: "రాత్రికి రాత్రి తాళం రాదమ్మా. రేపన్నా వస్తావా, రావా?"

నీటి ఆఫీసు ముందు ఊరంతా చేరింది. ఖాళీ బిందెల మీద ఆడవాళ్ళు వేళ్ళతో మోగిస్తూంటే, హైమావతికి అలవాటు కొద్దీ అది ఏ తాళమో అని మనసు లెక్క కట్టింది. జనం తరఫున ఆవిణ్ణే లోపలికి తోశారు.

"విచారకరం," అన్నారు పరాంకుశం గారు. నిజంగానే రెండు రోజులుగా గడ్డం గీసుకున్నట్టు లేదు. "మా నివేదిక ప్రకారం ఊళ్ళో ఎవరూ లేరు."

"కిటికీలోంచి చూడండి సార్. అందరం ఇక్కడే ఉన్నాం."

ఆయన చూశారు. "భౌతికంగా ఉన్నారు. కాదనను. పాఠకులుగా లేరు."

హైమావతి తలుపు దగ్గరగా వేసింది. "సార్, ఒక మాట. ఆ పదకొండు వేల ఈమెయిళ్ళూ ఒక్కటే. నెట్ సెంటరు నూకరాజుది. తెరిచిందీ అతనే, పదకొండున్నరన్నదీ అతనే, పెళ్ళి కావలసిందీ అతనికే."

పరాంకుశం గారు లేచి వెళ్ళి తలుపుకి గడియ కూడా పెట్టారు.

"అమ్మా," అన్నారు తగ్గిన గొంతుతో, "వందకి వంద అని పైకి రాశాను. పైవారు ఇంకా పైకి రాశారు. మొన్ననే అవార్డు ప్రకటించారు. ఇప్పుడు వంద అన్నది ఒక్కడు అని దిద్దమంటారా? అందరికీ ఎంత కష్టంగా ఉంటుంది చెప్పండి?"

"మరి నీళ్ళో?"

"ఇంకొక్కసారి అందరికీ పంపిస్తాను, ఆ మహానుభావుడెవరో మళ్ళీ తెరిస్తే చాలు. నేను ఎవరినీ ఏమీ అడగను. మీరూ నాకేమీ చెప్పలేదు."

హైమావతి అక్కణ్ణించి నేరుగా నెట్ సెంటరుకి నడిచింది.

నూకరాజు కంప్యూటరు ముందు చెంపకి చెయ్యి ఆనించుకుని కూర్చున్నాడు.

"పెట్టె ఖాళీ చెయ్యొచ్చుగా?"

"అన్నీ సర్కారు ఉత్తరాలండి. సర్కారు కాగితం చింపితే కేసండి. మీదనంతా సారుగారి ఫోటో కూడానండి."

"లే," అంది హైమావతి.

కుర్చీలో కూర్చుంది. చూపుడువేలు ఒక్కసారి గాలిలో ఆడించి, తాళంలో సమం వచ్చిన చోట ధీం అని కొట్టినట్టు బొత్తం మీద కొట్టింది. లక్ష మంది పరాంకుశాలు ఒక్క దెబ్బకి మాయమయ్యారు. నూకరాజు కళ్ళు మూసుకున్నాడు.

కాసేపటికి టింగుమంది. 'పాఠక మహాశయా, మిమ్మల్ని కోల్పోయామనుకున్నాం! మీకేం కావాలో ఇక్కడ రాయండి.'

ఆవిడ రాసింది: 'నీళ్ళు ఆరింటికి. మళ్ళీ అడక్కండి.'

మర్నాడు ఆరింటికి కుళాయి దగ్గింది, ఈల వేసింది. ఊరు ఊరంతా పరుగెత్తింది. పదకొండు వేల మందీ ఒకే మాటని, ఒకే చుక్క దగ్గర ఆపి రాశారని, ఇంతటి ఐకమత్యం దేశ చరిత్రలో లేదని పేపర్లో పడింది. హైమావతి పదకొండుకి మాస్టారింట్లో ఉంది. మిగిలిన మూడు రోజులూ చేతులు బొబ్బలెక్కేలా వాయించి, పరీక్షకి వెళ్ళి, మొదటి శ్రేణిలో పాసయింది. ఇంట్లో ఆ సంగతి చెబితే, "పాస్ అయ్యావుగా, ఇంక ఆ మద్దెల అటక మీద పెట్టించెయ్," అన్నాడు జోగారావు. "శని వదిలింది," అంది వెంకాయమ్మ.

హైమావతి ఆ సాయంత్రం పోపుడబ్బాలోకి ఆవాలు తెస్తానని నెట్ సెంటరు వైపు వెళ్ళింది.

అవార్డు సభ మునిసిపల్ ఆవరణలో షామియానా కింద జరిగింది. ఊరందరూ వచ్చారు, రాకపోతే కుళాయి ఏమవుతుందోనని. పరాంకుశం గారు శాలువా కప్పుకుని మైకు అందుకున్నారు. "ఈ శుభవేళ వినోద కార్యక్రమంగా ఏం కావాలని మా పాఠకులను అడిగాం. పదకొండు వేల మందీ ముక్తకంఠంతో ఒక్కటే కోరారు. శ్రీమతి హైమావతి గారి మృదంగం. పాట లేకుండా, అచ్చంగా మృదంగమే. రెండు గంటల సేపు."

ఆయన చూపు ఒక్క క్షణం హైమావతి చూపుతో కలిసి, వెంటనే షామియానా గుడ్డ మీదికి పారిపోయింది.

మొదటి వరసలో జోగారావు అదిరిపడ్డాడు. "రెండు గంటలా? నేనెప్పుడడిగాను?"

"అడిగే ఉంటారు," అంది హైమావతి, చీర చెంగు బిగించుకుని లేస్తూ. "పదకొండు వేల మందంటే మనం లేకుండా ఎలా?"

వెంకాయమ్మకి ఒళ్ళు మండిపోయింది. "ఓసి నీ సాహసం కూలా! నేనడిగానుటే మద్దెల? నేనడిగానూ?"

హైమావతి వంగి, పక్కవాళ్ళకి వినపడకుండా, అత్తగారి చెవిలో చెప్పింది.

"అడిగారత్తయ్యా. దానికి ముందు పెళ్ళి సంబంధం కూడా అడిగారు. ఆఫీసులో రాసి ఉంది, చూపించమంటారా?"

రెండు గంటలూ వెంకాయమ్మ తలెత్తకుండా తాళం వేసింది.